ఓటు వేరు, వకాల్తా వేరు

బాబూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. తాతగారి కాలం నుంచి మీ ఇంట్లో ఓట్లన్నీ ఒకే పార్టీకి పడుతున్నాయి. ఆ పార్టీ చేసిన తప్పులు మీకు కనబడుతున్నాయి, మీ నాన్నగారు మాత్రం ఒక్కటీ ఒప్పుకోరు. అవతలి పార్టీని చూస్తే అదీ అంతే. అన్నీ తెలిసి మళ్లీ అదే గుర్తు మీద నొక్కడం సబబేనా, మానేస్తే నాన్నగారికి ద్రోహం చేసినట్టా అని అడిగారు. పార్టీ పేరు రాయలేదు, మంచి పని చేశారు. రాసి ఉంటే నేను జవాబు మొదలుపెట్టే లోపే నన్ను కూడా ఏదో ఒక రంగులో ముంచేసేవారు.

సూటిగా చెబుతాను. వేయొచ్చు. తప్పులున్న పార్టీకి ఓటేయడం తప్పు కాదు. అయితే ఓటు వేయండి గానీ వకాల్తా పుచ్చుకోకండి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను చూసినంతలో ఓటు వల్ల జరిగిన నష్టం తక్కువ. ఓటేసిన పాపానికి ఐదేళ్లూ ఆ పార్టీ చేసిన ప్రతి పనికీ మనమే లాయర్లమైపోవడం వల్ల జరిగిన నష్టం ఎక్కువ. ఇంకో మాట కూడా ఉంది. కొన్ని రకాల తప్పులకు ఓటు కూడా ఇవ్వకూడదు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ఇదంతా చెప్పడానికి నువ్వెవరయ్యా అంటారేమో. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారిని, 2021లో రిటైరయ్యాను. మాది రాజాం వైపు పల్లె. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. ఇల్లు కదలకుండానే జిల్లా మారిపోయాం. 1989 నుంచి 2019 దాకా ఎన్నికల డ్యూటీ నాకు తప్పలేదు. మొదట్లో పోలింగ్ ఆఫీసరు, తర్వాత ప్రిసైడింగ్ ఆఫీసరు. బ్యాలెట్ పేపరు మడత పెట్టడం చూపించిన రోజులూ ఉన్నాయి, ఈవీఎంకి సీలు వేసిన రోజులూ ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ పార్టీ గురించీ నోరు మెదపలేదు. మెదపకూడదు కూడా. ముప్ఫై ఏళ్లు దాచుకున్న మాటలు కాబట్టి కాస్త పొడవైతే ఏమనుకోకండి.

ముందు బూతు లోపలి సంగతి ఒకటి చెప్పనివ్వండి. పోలింగ్ రోజు ఉదయం అయిదున్నరకే రెండు పార్టీల ఏజెంట్లూ వచ్చి పక్కపక్కన బెంచీ మీద కూర్చుంటారు. మాక్ పోల్, అంటే మిషను సరిచూసే ఉత్తుత్తి ఓటింగు, అయ్యేసరికి ఒకరి పెన్ను ఒకరు తీసుకుంటారు. మధ్యాహ్నం ఒకరికి క్యారేజీ రాకపోతే రెండోవాడు తనదాంట్లో సగం పెడతాడు. ఇది ఒక ఊళ్లో కాదు, దాదాపు నేను డ్యూటీ చేసిన ప్రతి ఊళ్లోనూ చూశాను. బయటికొస్తే అదే ఊళ్లో ఆ రెండు పార్టీల ఇళ్ల మధ్య పదేళ్లుగా మాటల్లేవు, పెళ్లి పిలుపులు లేవు. పార్టీలో పని చేసేవాడికి పార్టీ ఒక పని. దూరం నుంచి చూసే మనకే అది పరువైపోయింది.

ఇప్పుడు మా ఇంటి కథ. మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు వరస, పాతికేళ్ల పైన ఒక పార్టీకి బూత్ ఏజెంటు. ఏ పార్టీ అన్నది ఈ కథకి అక్కర్లేదు. మా ఊరికీ హైస్కూలుకీ మధ్య ఒక గెడ్డ, అంటే వాగు, ఉంది. వానాకాలం నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పిల్లలు బడికి రారు. కల్వర్టు కావాలని ఊరు ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది. తమ్ముడి పార్టీ గద్దె మీద ఉన్నప్పుడు ఎవరైనా కదిపితే, "ఫండ్సు లేవు, ఎనకటోలు అప్పులు పెట్టీసి ఎలిపోయారు" అనేవాడు. పార్టీ ఓడిపోయిన మర్నాటి నుంచి అదే కల్వర్టు గురించి టీ కొట్టు దగ్గర వాడి గొంతే పెద్దగా వినబడేది. మళ్లీ సొంత పార్టీ వచ్చింది, మళ్లీ నోరు మూతపడింది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "ఒరే, గెడ్డకి కూడా పార్టీ ఉందేటిరా?" అని. వాడు నవ్వలేదు. రెండు నెలలు మా ఇంటికి రాలేదు.

పక్క ఊరికి మాత్రం సిమెంటు రోడ్డు పడింది, డ్రెయిన్లు పడ్డాయి. ఆ ఊరు మాకంటే చిన్నది. తేడా ఒక్కటే. ఆ ఊరి ఓట్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు పడతాయి. ఈ మాట నేను ఊహించి చెప్పడం లేదు. తమ్ముడి పార్టీ మండల నాయకుడు ఒకాయన మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ నాతోనే అన్నాడు, "మీ ఊరి ఓట్లు మా జేబులోవే కదా మాస్టారూ" అని. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. జేబులో ఉన్న డబ్బు గురించి ఎవడైనా బెంగ పెట్టుకుంటాడా? అవతలి పార్టీ వాళ్లేమో "ఆ ఊళ్లో ఎంత పోసినా మనకి రాలదు" అని అసలు అడుగే పెట్టలేదు. అలా మా ఊరు రెండు వైపులా చెడింది.

నాయకులకి ఈ లెక్కలు ఎలా తెలుస్తాయని మీకు అనుమానం రావచ్చు. ఓటు రహస్యమే, మీరు దేనికి నొక్కారో ఎవరికీ తెలియదు. కానీ బూతు మాత్రం రహస్యం కాదు. లెక్కింపు అయ్యాక ఫారం 20 అని ఒక పట్టిక తయారవుతుంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో వరసగా ఉంటుంది, ఎన్నికల సంఘం వెబ్‌సైటులోనే పెడతారు. ఏ పార్టీ ఆఫీసులోనైనా గెలిచిన తర్వాత వారం రోజులు నలిగే కాగితం అదే. మీ ఊరి బూతులో ప్రతిసారీ ఎనభై శాతం ఒకరికే పడుతుంటే, ఆ కాగితం చూసిన ఇద్దరికీ మీ ఊరి మీద ఆశ గానీ భయం గానీ ఉండదు. మీ నాన్నగారు కోప్పడకుండా ఉంటే ఒకసారి ఆయన పక్కన కూర్చుని మీ ఊరి బూతు లెక్కలు 2014, 2019, 2024 మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. వాదన కంటే ఎక్కువ పని చేస్తుంది.

"అంటే పార్టీ మార్చేయమంటారా?" కాదు. మా ఊరి గొడవ ఓటు ఎవరికి పడిందన్నది కాదు. ఓటు పడ్డాక నోరు కూడా పెట్టెలో వేసేశాం, అదీ గొడవ.

సోంపేట గుర్తుందా? 2010 జూలై 14. బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు అడ్డం నిలబడ్డారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలో కూడా అంతే. ఆ బీలలో నిలబడ్డవాళ్లలో ఏడాది కిందట అధికార పార్టీకి ఓటేసినవాళ్లు లేరా? ఉన్నారు. తర్వాత మళ్లీ ఎవరి గుర్తుకి వాళ్లు వేసుకున్నారు కూడా. కానీ నీళ్లూ నేలా పోతున్నాయన్నప్పుడు మా పార్టీ ప్రభుత్వం కదా అని ఇంట్లో కూర్చోలేదు. సోంపేటలో కాల్పులు జరిగిన రోజే పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతి కొట్టేసింది. ఓటు వేరు, వకాల్తా వేరు అని నేనంటున్నది దీన్నే. పుస్తకంలో చదివి చెప్పింది కాదు, మన బీల రైతు చేసి చూపించింది.

ఓటర్లు ఇలా విడగొట్టి ఆలోచించగలరా అని కొందరు చదువుకున్నవాళ్లే సందేహపడతారు. 2019 చూడండి. శ్రీకాకుళం లోక్‌సభ సీటు కింద ఏడు అసెంబ్లీ సీట్లుంటే తెలుగుదేశం గెలిచింది రెండే, ఇచ్ఛాపురం, టెక్కలి. మిగిలిన ఐదూ వైఎస్సార్ కాంగ్రెస్‌కి పోయాయి. ఎంపీగా మాత్రం తెలుగుదేశం అభ్యర్థే ఆరున్నర వేల ఓట్ల పైచిలుకు తేడాతో గట్టెక్కారు. అంటే ఒకే బూతులో, ఒకే నిమిషంలో, ఒక మిషను మీద ఒక గుర్తు, పక్క మిషను మీద ఇంకో గుర్తు నొక్కినవాళ్లు వేలల్లో ఉన్నారన్నమాట. విజయనగరం టౌను సంగతి సరేసరి. అశోక్ గజపతిరాజు గారు వరసగా గెలుస్తూ వచ్చిన సీటులో 2004లో ఇండిపెండెంటును గెలిపించి, 2009లో మళ్లీ ఆయన్నే తెచ్చుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే 1937లో మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్న బొబ్బిలి రాజావారినే బొబ్బిలిలో వి.వి.గిరి ఓడించారు. అదే గిరి గారిని 1957లో పార్వతీపురంలో ఒక గిరిజన అభ్యర్థి వెనక్కి నెట్టారు. జనరల్ సీటు గిరిజనుడికి ఎలా ఇస్తారని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు. పాఠం చెప్పేటప్పుడు ఈ కథ దగ్గర పిల్లలు లేచి కూర్చునేవారు. మనవాళ్లు అమాయకులని, కవరు ఇస్తే వేసేస్తారని బయటివాళ్లు అనే మాట నేను నమ్మను.

కవరు మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. డబ్బు తీసుకున్నానని ఆ పార్టీకే వేయాలన్న నియమం ఎక్కడా లేదు. తీసుకోవడమూ నేరమే అనుకోండి. కానీ డబ్బు తీసుకుని ఒట్టు పెట్టించుకుంటే వేయకపోతే పాపం తగులుతుందని భయపడే ముసలమ్మల్ని చూశాను. వాళ్ల నీతి పంచినవాడి నీతి కంటే చాలా పైన ఉంది, అదే బాధ.

ఇప్పుడు ఓటు కూడా ఇవ్వకూడని తప్పుల సంగతి. నాకు ఎకరంన్నర మడి ఉంది, కౌలుకి ఇస్తాను. ఓటు కూడా నాకు కౌలు లాగే కనబడుతుంది, ఐదేళ్ల కౌలు. కౌలుదారు మీద ప్రేమ ఉండక్కర్లేదు. పోయినేడు మన వాటా సరిగా కొలిచాడా, కలుపు తీయించాడా, వీడు కాకపోతే ఊళ్లో ఇంకెవరున్నారు అని చూసుకుంటాం. వాన లేక రెండు బస్తాలు తగ్గించాడనుకోండి, తిట్టి మళ్లీ వాడికే ఇస్తాం. సోమరితనంతో తగ్గించాడనుకోండి, ఇంకొకడు దొరికితే మారుస్తాం, దొరకకపోతే ఈసారి గట్టిగా మాట్లాడుకుని ఇస్తాం. కానీ గట్టు చెరిపేసేవాడికి మాత్రం, వాడు ఎన్ని బస్తాలు కొలిచినా సరే, రెండోసారి చేను ఇవ్వకూడదు. గట్టు పోతే చేను ఎవరిదో చెప్పుకోవడానికి ఆనవాలే ఉండదు.

పార్టీల్లో గట్టు చెరపడమంటే ఏమిటి? తమకు పడవు అనుకున్న ఓట్లను జాబితాలోంచి తీయించడానికి ఊరి మీద దొంగ ఫారం 7లు గుట్టలుగా పెట్టడం. అవతలివాడిని నామినేషన్ వేయనివ్వకుండా చేసి దాన్ని ఏకగ్రీవమని పండగ చేసుకోవడం. బూతులో ఏజెంటును కూర్చోనివ్వకపోవడం. కల్వర్టు అడిగినవాడి మీద కేసు పెట్టించడం. కులం పేరు చెప్పి, మతం పేరు చెప్పి ఊళ్లో సగం మందిని రెండో సగం మీదికి తోలడం. ఇవి చేస్తే రేపు మీరు మనసు మార్చుకుందామన్నా దారి ఉండదు. లంచం, మాట తప్పడం, బంధువులకే టిక్కెట్లు, అహంకారం, ఇవన్నీ చెడ్డవే. కానీ దారి తెరిచి ఉంటే వచ్చే ఎన్నికకు దిద్దుకోవచ్చు. నా లెక్కలో ఈ రెండు జాతుల తప్పుల్నీ ఒకే కాటాలో తూచకూడదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఒప్పుకుంటాను. గట్టు చెరిపిన పని పైవాళ్లు చేయించారా, ఊరి నాయకుడు సొంత పెత్తనంతో చేశాడా అన్నది చాలాసార్లు తేలదు. నేను చూసుకునేది ఒక్కటే. చేసినవాడిని పార్టీ ఆ తర్వాత ఏం చేసింది? పక్కన పెట్టిందా, పదవి ఇచ్చిందా? పదవి ఇస్తే అది పార్టీ తప్పే.

మాట తప్పడం దిద్దుకోదగ్గ తప్పు అన్నాను గానీ చిన్న తప్పు అనలేదు. మద్యం సంగతే చూడండి. 1995లో పూర్తి నిషేధం వచ్చింది, మా ఊళ్లో ఆడవాళ్లు పసుపు కుంకుమ పంచుకున్నారు. 1997లో ఎత్తేశారు, అదే పార్టీ ప్రభుత్వం. 2019లో దశలవారీ నిషేధమని ఇంకో పార్టీ గెలిచింది, ఐదేళ్లూ ప్రభుత్వమే కొట్లు పెట్టి అమ్మింది. రెండింటినీ జనం మర్చిపోలేదు. అయినా ఒక్క దానివల్లే ఎవరినీ ఓడించలేదు, మిగతావాటితో కలిపి కూడుకున్నారు.

తప్పొప్పులు కూడేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఎవరి ఖాతాలో ఏది వేయాలో ముందు చూసుకోండి. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ చేశారు. రాళ్లు రెండు, విమానాశ్రయం ఒకటి. మా తమ్ముడి దృష్టిలో మొదటి రాయి మాత్రమే రాయి, వాడి బావమరిది దృష్టిలో రెండోది మాత్రమే. ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతీ అంతే. ఒక ప్రభుత్వం డయాలసిస్ కేంద్రాలు, శుద్ధి చేసిన నీళ్లు మొదలుపెడితే, తర్వాతి ప్రభుత్వం ఇంటింటికీ నీళ్ల పథకం తెచ్చి 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచింది. అక్కడి రోగికి రెండూ కావాలి. పార్టీకి మార్కులు వేసేది మీరు కాబట్టి, ఒక్కో సబ్జెక్టుకీ వేయండి. మొత్తం మార్కులు ముందే వేసేసి తర్వాత సబ్జెక్టులకి పంచకండి. పేపర్లు దిద్దిన మాస్టార్లకి ఈ రోగం బాగా తెలుసు, క్లాసులో మొదటి వరసవాడి పేపరు చూడగానే చెయ్యి దానంతటదే టిక్కులు పెట్టేస్తుంది.

"పార్టీ పాడైనా మా అభ్యర్థి మంచివాడు" అనే మాట కూడా మీ ఇంట్లో వినబడుతూ ఉంటుంది. సగం నిజం. ఆసుపత్రి సిఫారసుకీ, పోలీసు స్టేషన్లో న్యాయానికీ, కాలవ నీళ్లకీ మనిషి మంచితనం పనికొస్తుంది. అసెంబ్లీలో చెయ్యెత్తే దగ్గర పనికిరాదు. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చినప్పటి నుంచి పార్టీ విప్ జారీ చేస్తే ఆయన మనసులో ఏమున్నా పార్టీ చెప్పినట్టే వేయాలి, లేకపోతే సీటు ఊడుతుంది. పైగా ఈ రోజుల్లో మనిషి కూడా స్థిరం కాదు. మా రాజాంలో 2009లో చెయ్యి గుర్తు మీద గెలిచిన ఆయనే 2024లో సైకిలు గుర్తు మీద గెలిచారు. బొబ్బిలిలో 2014లో ఫ్యాను గుర్తు మీద గెలిచిన ఆయన మధ్యలో ఎన్నిక లేకుండానే 2017లో సైకిలు పార్టీ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. మరి మూడు తరాల విధేయత ఎవరికి చూపించినట్టు? గుర్తుకా, మనిషికా? అభ్యర్థి మీద కేసులున్నాయా, ఆస్తులెంత, గత ఐదేళ్ల ఆదాయం ఎంత చూపించారు అన్నది నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఉంటుంది. సెల్లులో చూసుకోవచ్చు. పదిహేను నిమిషాల పని.

కొత్త పార్టీకి వేస్తే? వేయండి, తప్పేం లేదు. కానీ మన పద్ధతిలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే మొత్తం పట్టుకుపోతాడు. 2009లో ప్రజారాజ్యానికి రాష్ట్రం మొత్తం మీద ఆరో వంతు దాకా ఓట్లు పడ్డాయి, 294లో సీట్లు మాత్రం 18. రెండేళ్లు తిరగకుండా 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. కాంగ్రెస్ వద్దని దానికి వేసినవాళ్ల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే. నోటా 2013 నుంచి ఉంది. మనసులో మాట చెప్పుకోవడానికి అది మంచిదే, ఫలితం మారదు. నోటాకే ఎక్కువ వచ్చినా తర్వాతి అభ్యర్థే ఎమ్మెల్యే. నోటా లేని రోజుల్లో ఎవరికీ వేయను అంటే ప్రిసైడింగ్ ఆఫీసరుకి చెప్పి రిజిస్టరులో రాయించుకోవాలి, ఏజెంట్లందరి ముందూ. నా డ్యూటీ కాలంలో అలా అడిగింది ఒక్క రిటైర్డ్ మిలిటరీ ఆయన. ఊరంతా ఆయన్ని వింత మనిషిని చూసినట్టు చూశారు.

శిక్షించడం గురించి కూడా ఒక మాట. మన రాష్ట్రంలో కోపం వస్తే ముక్కు చెవులు కోసేస్తాం. విభజన కోపంతో 2014లో కాంగ్రెస్‌కి అసెంబ్లీలో ఒక్క సీటు దక్కలేదు, ఇప్పటికీ దక్కలేదు. 2019లో తెలుగుదేశానికి 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ 151 నుంచి 11కి పడింది, మన రెండు జిల్లాల్లో ఒక్కటీ రాలేదు. ఓడిపోవాల్సినవాళ్లు ఓడిపోవడం న్యాయమే. తర్వాత మాత్రం సభలో గట్టిగా అడిగేవాడు కరువవుతాడు. ఇది మీ ఒక్క ఓటుతో తేలేది కాదు, తెలిసి ఉండండి చాలు.

ఇక నాన్నగారు. నిజానికి మీ ప్రశ్నలో అసలు బాధ అక్కడే ఉందని నాకనిపించింది.

నేను మొదటి ఓటు వేసింది 1983 జనవరిలో. అప్పటికి 21 నిండితేనే ఓటు, 18కి దించింది 1989లో. మా ఇంట్లో ఆ ముందు వరకు రోజూ చోడి అంబలే, వరి అన్నం పండక్కి, చుట్టాలొస్తే. రెండు రూపాయల బియ్యం వచ్చాక మా అమ్మ మొదటిసారి ఎసట్లో గిద్దెడు బియ్యం ఎక్కువ పోసింది, చెయ్యి వణికిందని చాన్నాళ్లు చెప్పుకునేది. మరుసటి ఏడాది కరణాలు, మునసబులు పోయారు. మా నాన్న అడంగలు కాపీ కోసం కరణం గారి అరుగు కింద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషి. ఆయన చచ్చేదాకా ఒకే గుర్తుకి వేశాడు. ఆయన్ని గుడ్డివాడు అనగలనా? ఇంకో ఇంట్లో ఇదే కథ ఆరోగ్యశ్రీతో ఉంటుంది. 2007 తర్వాత గుండె ఆపరేషను పైసా లేకుండా జరిగి బతికిన మనిషి, ఆ పథకం తెచ్చిన ముఖ్యమంత్రి ఫొటో గోడ మీద దేవుడి పక్కన పెట్టుకుంటాడు. మరో ఇంట్లో ఇందిరమ్మ ఇచ్చిన ఇళ్ల స్థలం. చెయ్యి గుర్తు ఇళ్లు చాలా వరకు 2014కల్లా ఫ్యాను గుర్తు ఇళ్లయిపోయాయి. అడిగితే "మేం పార్టీ మారలేదు" అంటారు, మనస్ఫూర్తిగానే అంటారు. వాళ్లు మోస్తున్నది పార్టీని కాదు, తీర్చుకోలేని ఒక రుణాన్ని.

మీ నాన్నగారి రుణం ఏదో నాకు తెలియదు. ఒకసారి అడగండి. పార్టీ మంచిదా చెడ్డదా అని కాదు, "మొదటిసారి ఎందుకేశావు నాన్నా?" అని అడగండి. ఆయన చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో ఈనాటి స్కాములు తేకండి. ఆ తర్వాత మీరు చెప్పాల్సింది చిన్నది. ఆ రుణం తాతగారు తీర్చారు, మీరూ తీర్చారు, నలభై ఏళ్లు వడ్డీతో సహా కట్టాం, ఇప్పుడు నా ఓటు నా లెక్కలో వేసుకోనివ్వండి అని. మీ లెక్కలో కూడా చివరికి అదే గుర్తు తేలితే ఆయన గుర్తుకే వేయండి. రుణం కోసం కాక, చూసి వేసినట్టవుతుంది. వేరే తేలితే వేరే వేయండి, ఇంట్లో చెప్పాలన్న నియమం లేదు. అట్ట చాటున మీరూ మిషనూ తప్ప మూడో మనిషి ఉండకూడదనే కదా ముప్ఫై ఏళ్లు మేం కాపలా కాసింది.

2029కి ఇంకా టైముంది. ఈ లోపు పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులే ఉండవు, అక్కడ అలవాటు మార్చుకోవడం తేలిక. మీరు ఊరికి వెళ్లినప్పుడు ఒక్క పని మొదలుపెట్టండి. మీ వీధికి కావలసింది ఒకటే ఒకటి, చిన్నదే, కాగితం మీద రాసి రెండు పార్టీల ఇళ్లలోనూ సంతకాలు పెట్టించండి. సొంత పార్టీ వాళ్ల చేతే ముందు పెట్టించండి. సోమవారం కలెక్టరేటు గ్రీవెన్సులో ఇవ్వండి, రసీదు తీసుకోండి. అధికారంలో ఉన్న పార్టీ కార్యకర్త సంతకం పైన ఉన్న అర్జీకి విలువ వేరు, ఆ సంగతి తీసుకునే గుమస్తా మొహంలోనే తెలిసిపోతుంది.

మా గెడ్డ విషయంలో చివరికి అదే చేశాం. తమ్ముడి చేత మొదటి సంతకం పెట్టించడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. వాళ్ల మండల నాయకుడు ఫోను చేసి, "నువ్వు కూడానా?" అన్నాడట. తమ్ముడు "ఓటు మీకే ఏస్తాను, గెడ్డ మాత్రం నాది బాబూ" అన్నాడట. నిజంగా అన్నాడో, నా దగ్గర గొప్ప కోసం చెప్పాడో తెలియదు. కల్వర్టు ఇంకా రాలేదు. సిమెంటు తూములు మాత్రం దింపారు, ఒడ్డున పడి ఉన్నాయి. మొన్న సాయంత్రం అటు వెళ్తే తమ్ముడూ, అవతలి పార్టీ ఏజెంటూ చెరో తూము మీద కూర్చుని ఉన్నారు. బిల్లులో పన్నెండు రాసి తొమ్మిదే దింపారని లెక్కపెడుతున్నారు.